దోసిలికీ పాతరకూ మధ్య

ఈ వ్యాసంలో కొంత నాకు గుర్తున్నది, కొంత నేను విని నమ్మింది. ఏది ఏదో ఎక్కడికక్కడే చెబుతాను. "నువ్వు కళ్ళతో చూసినావా, ఎవురన్నా చెప్తే విన్నావా?" అని చింతామణి ఊరి సభల్లో ఇన్నేళ్ళుగా ఎదుటివాళ్ళను నిలదీసినవాణ్ణి నేను. నా జబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్నను పక్కన పెట్టే హక్కు నాకు లేదు.

ఇప్పుడు నా తల కుదుటపడింది. పొద్దున ఏం తిన్నానో సాయంత్రం చెప్పగలను. మీకు ఇది గొప్ప కాకపోవచ్చు, నాకు గొప్పే. జ్వరం దిగి లేచిన మనిషి మునుపటి మనిషిలా లేడే అని బెదిరిపోయే ఇళ్ళు మా వైపు ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు మంత్రగాడి గుమ్మం తొక్కేముందు ఇది చదవాలని నా కోరిక. నాకు నేను మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలన్న కోరిక కూడా ఉంది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నాది కన్నడ సీమలో, చింతామణి పక్కన బట్లహళ్ళి. రాగులు, వేరుశనగ పండించుకునే కుటుంబం. మా తాత ఊరి భజన గుంపుకు పెద్ద. నాకు ఐదేళ్ళు రాకముందే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేతికి చిడతలిచ్చి, భజన పదాలన్నీ నోటికి నేర్పాడు. చదువుకున్నాక చిడతలు కింద పెట్టేశాను. చింతామణిలో మేష్టరు ఉద్యోగం వచ్చింది. ఒక వేరుశనగ మండీ మీదిగదిలో స్నేహితులతో కలిసి చర్చాకూటం పెట్టాను. జాతకాలు, దయ్యాలు, అంటరానితనం, విధవల పెళ్ళి, అక్కడ మేము చెయ్యి పెట్టని విషయం లేదు.

ఆ కూటానికి ఒక నియమం ఉంది. పెట్టింది నేనే. ఎదుటివాడికి జవాబు చెప్పేముందు అతని మాటను అతనికి అప్పగించాలి. అంటే అతను చేసిన వాదమంతా వరస తప్పకుండా, ఎగతాళి కలపకుండా తిరిగి చెప్పాలి. "అవును, ఇదే నా మాట" అని అతను ఒప్పుకున్నాకే నీకు మాట్లాడే వంతు. చేతిలో కాగితం ఉండకూడదు. అప్పగించలేనివాడు నోరు మూసుకుని కూర్చోవాలి. ఈ ఒక్క నియమంతో మా కూటంలో అరుపులు పోయి ఆలోచన వచ్చింది. నేను జీవితంలో చేసిన మంచి పనులు లెక్కపెట్టమంటే దీన్నే ముందు చెబుతాను.

1958 ఏప్రిల్‌లో, పరీక్ష కాగితాలు దిద్దుతుండగా తల నొప్పి మొదలైంది. ఎదురుగా ఉన్న సున్నపు గోడ కళ్ళలోకి పొడుచుకొచ్చినట్టు అనిపించింది. దీపం తగ్గించమని నా భార్య నంజమ్మను అడిగాను. "దీపం యాడుండాది, ఇంకా పొద్దే మునగలేదు గదా" అంది. అంతవరకే నాకు గుర్తుంది. ఆ తర్వాతి జ్ఞాపకాలు చాలా నెలల వరకు నంజమ్మవి, మా అమ్మవి, స్నేహితులవి. వాళ్ళ మాటల మీదే రాస్తున్నాను.

బెంగళూరు బస్సులో వెనకాల పొడుగు సీటు మీద నన్ను పడుకోబెట్టారట. ఆ సీటులో కూర్చున్న పట్టుగూళ్ళ వ్యాపారులు అడక్కుండానే లేచి, దారి పొడుగునా నిలబడే వచ్చారట. దారిలో ఒక బావి దగ్గర డ్రైవరు బస్సు ఆపి, తన తుండుగుడ్డ తడిపి తెచ్చి నా నుదుటి మీద వేశాడట. వాళ్ళ పేర్లు మాకెవరికీ తెలియవు.

ఆస్పత్రి వసారాలో ఒక చెక్కబల్ల. దాని మీద ఒక చివర మా అమ్మ, ఇంకో చివర నంజమ్మ. లోపలికి ఒక్కరినే పంపుతారు. వాళ్ళిద్దరూ ఆ బల్ల మీదే కొట్లాడుకున్నారు. అమ్మ కొంగున మొక్కు కట్టుకుంటుంటే నంజమ్మ చెయ్యి పట్టుకుని ఆపిందట.

"ఆయనకు ఇష్టం లేని మొక్కు ఆయన పేరున వద్దత్తా. లేసినాక మన ప్రాణం తీస్తాడు."

"లేస్తే గదా తీసేది! వాడి పేరున కాదులేమ్మా, నా పేరున కట్టుకుంటాండా. నా మొక్కుకు గూడా వాడి అనుమతి కావల్నా?"

 నంజమ్మ ఆ చెయ్యి వదిలి, తనే జరిగి అత్త పక్కన కూర్చుందట. పక్క బల్ల మీద ఎవరో ముసలామె, తన మనిషి కోసం తెచ్చుకున్న గంజిలో సగం వీళ్ళకు పోసి ఇచ్చింది.

జ్వరం దిగేముందు నేను నోరు విప్పాను. విప్పి, తాత నేర్పిన భజన పదాలు అందుకున్నాను. ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి, చరణం పోకుండా, చిడతల దెబ్బ తప్పకుండా. వార్డులో నడవగలిగినవాళ్ళంతా నా మంచం చుట్టూ చేరారట. మా అమ్మ నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆమెకు అది కొడుకు గొంతు తిరిగి రావడం ఒక్కటే కాదు, కొడుకే తిరిగి రావడం.

రాలేదు. ఆ సంగతి డాక్టరు బయటపెట్టాడు. ఆయన ఐదారు అంకెలు చెప్పి తిరిగి చెప్పమన్నాడు. చెప్పాను. వెనక నుంచి చెప్పమన్నాడు. అదీ చెప్పాను. బడిలో నా మొదటి హెడ్‌మేష్టరు పేరు, మా బావి దగ్గరి మడుల పేర్లు, అన్నీ సరిగ్గా చెప్పాను. అందరి ముఖాలూ వెలిగాయి. డాక్టరు బయటికి వెళ్ళి, కాసేపాగి మళ్ళీ లోపలికి వచ్చాడు. నేను మర్యాదగా చేతులు జోడించి, "నమస్కారం, తమరెవరు?" అన్నాను.

ఆయన కన్నడంలో నంజమ్మకు వివరించిన మాటలను తర్వాత నేను నా తెలుగులో ఇలా కుదుర్చుకున్నాను. మనిషి జ్ఞాపకం ఒకటి కాదు, రెండు. ఒకటి దోసిలి లాంటిది. ఇప్పుడు విన్నదాన్ని ఇప్పటికి పట్టుకుంటుంది. అందులో కొంచెమే పడుతుంది, వేరే పనికి చెయ్యి చాపితే జారిపోతుంది. రెండోది రాగుల పాతర. పెరట్లో లోతుగా తవ్వి, గడ్డి పరిచి పోసిన రాగులు ఏళ్ళు గడిచినా పురుగు పట్టవు. నా దోసిలి బాగుంది. నా పాతర బాగుంది. దోసిట్లోవి పాతర్లో పోసే చెయ్యి ఒక్కటే జ్వరానికి పడిపోయింది. కొత్త గింజ ఒక్కటీ లోపలికి దిగడం లేదు. "తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. తొందరపెట్టకండి" అన్నాడట డాక్టరు. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆయనకు నా నమస్కారం. ఈసారి ఎవరికి పెడుతున్నానో తెలిసే పెడుతున్నాను.

జూన్‌లో ఇంటికి వచ్చాం. ఆ రోజుల్లో నాతో కాపురం చెయ్యడం ఎలా ఉండేదో నంజమ్మ పూర్తిగా చెప్పదు. పొద్దున లేవగానే, "బడికి వేళయింది, చొక్కా యాడ?" అనేవాణ్ణట. జ్వరం సంగతి మొదటి నుంచీ చెప్పేది. నా బదులు వేరే మేష్టరును వేశారని చెప్పేది. నేను ఆ మాటకు కుంగిపోయేవాణ్ణి. కాసేపటికి మళ్ళీ చొక్కా అడిగేవాణ్ణి, మళ్ళీ కుంగిపోయేవాణ్ణి. ఒకే దెబ్బ, తగిలిన ప్రతిసారీ కొత్తదే. చివరికి ఆమె ఆ సంగతి చెప్పడం మానేసి, "ఈ దినం రజా, బడి లేదు" అని ఊరుకునేది. నిజం కోసం కాపురంలో కూడా పోట్లాడే నాకు ఆమె చేసింది తప్పని ఇప్పటికీ అనాలనిపించదు.

ఈలోగా బయట నా కథ ఒకటి పుట్టి పెరిగింది. నాస్తికుడైన అశ్వత్థప్ప మేష్టరుకు జ్వరంలో అంతా తుడిచిపెట్టుకుపోయి దేవుడి పేరు ఒక్కటే మిగిలిందట. దేవుడు తన మనిషిని తాను తీసుకున్నాడట. బట్లహళ్ళి భజన గుంపువాళ్ళు కార్తీకంలో నన్ను గుడి ముందు కూర్చోబెట్టి, దండ వేసి, చేతికి మా తాత చిడతలు ఇస్తామని వచ్చి అడిగారు. మా అమ్మ సరేనంది. విన్నప్పుడల్లా నేను భగ్గుమనేవాణ్ణట. మరిచిపోయి చల్లబడేవాణ్ణి, ఎవరో మళ్ళీ చెబితే మళ్ళీ భగ్గుమనేవాణ్ణి.

"అదేం కోపమో," అంది నంజమ్మ, "చొక్కా అడిగేదన్నా మారింది గానీ కోపం మాత్రం మారలేదు. అట్లనే ఉండాది, కొత్త కుండ మాదిరి."

అయితే కోపం చాలదు. చర్చాకూటంలో నాకు ఎన్నో ఏళ్ళుగా ఎదురు నిలిచిన సీతారామశాస్త్రిగారు ఈ విషయం మీదే కార్తీకంలో మాట్లాడతానని ప్రకటించారు. దండ రోజుకు ముందే. ఆయన మాటకు నేను జవాబు చెప్పాలి, లేదా ఒప్పుకోవాలి. జవాబు చెప్పాలంటే ముందు అప్పగించాలి. దోసిలి తప్ప మరేమీ లేని మనిషి ఒక పండితుడి వాదమంతా ఎలా పట్టుకుంటాడు? పట్టుకోలేకపోతే నా నియమం ప్రకారమే నేను కూర్చోవాలి. నేను బతికినన్నాళ్ళు అన్నది ఒక జ్వరంతో చెల్లిపోతుంది.

మండీ యజమాని, కూటం కార్యదర్శి మునిశామప్ప ఇంటికి వచ్చాడు.

"అశ్వత్థప్పా, నీకు మాత్రం కాగితం పెట్టుకునేకి ఒప్పుకుంటాం. అందరం మాట్లాడుకున్నాం. శాస్త్రులు గూడా సరే అన్నాడు."

"ఎవురికి గావాల మీ దయ? కాగితం చూసి అప్పగిస్తే అప్పగించేది కాగితం, నేను కాదు."

"అది కాదప్పా, నీ తల ఇప్పుడు..."

"నా తల సంగతి నా తలకు తెలుసు. నియమం నాకొకటి, ఊరికొకటి కాదు."

ఇది మునిశామప్ప చెప్పిన సంభాషణ. నాకు గుర్తు లేకపోయినా, ఆ మాటలు నావేనని ఎవరూ ఋజువు చెయ్యనక్కర్లేదు.

దారి ఆగస్టులో దొరికింది, కోపంలోంచే. నంజమ్మ నన్ను అంగడికి పంపేది. చింతపండు, బెల్లం, మిరపకాయలు, గానుగనూనె తెమ్మంటే, దారిలో ఎవరో పలకరిస్తే చాలు, దోసిలి ఖాళీ. ఉత్త సంచితో తిరిగొచ్చేవాణ్ణి. ఒకరోజు ఆమెకు ఒళ్ళు మండింది.

"దేవుడి పదాలైతే అన్నీ ఉండాయి, నా చింతపండుకే చోటు లేదా ఆ తలలో? ఇదో, పాడుకుంటా పొండి!" అని, భజన పదం వరస మీద చింతపండు, బెల్లం, మిరపకాయలు, నూనె పేర్లు కట్టి, చేతులు చరుస్తూ పాడి వెక్కిరించింది. మా అమ్మ చెంపలేసుకుంది.

నేను అలాగే పాడుకుంటూ పోయాను. అన్నీ తెచ్చాను. దారిలో ఇద్దరు పలకరించినా నా వేళ్ళు తొడ మీద దెబ్బ వేస్తూనే ఉన్నాయట. ఇంటికొచ్చి సంచి దించాక, "ఇవన్నీ ఎవురు తెచ్చినారు?" అని అడిగానట. నంజమ్మ నవ్వలేక ఏడవలేక నిలబడింది.

ఆలోచించండి. దోసిట్లో విడి గింజలు జారిపోతాయి. దారానికి గుచ్చితే దండలా ఆగుతాయి. ఆ దారం నా పాతర్లో ఐదేళ్ళ వయసు నుంచీ చుట్టి పెట్టుకునే ఉంది. వరస పాతది, మాట కొత్తది. వరస గుడిదైతేనేం? గుడి రాతితో బడి మెట్టు కట్టుకోకూడదా? అప్పటి నుంచి నంజమ్మ రోజూ నాకు ఏదో ఒకటి చదివి వినిపించేది, నేను వరసకట్టి అప్పగించేవాణ్ణి. డాక్టరు చెప్పిన సంగతీ, ఇది ఎందుకు చేస్తున్నామో కూడా ప్రతిరోజూ ఆమే చెప్పేది. మా అమ్మ మొదట అలిగింది. తర్వాత వంటింట్లోంచే, "దెబ్బ తప్పినావు, మీ తాతైతే మొట్టి ఉండేవాడు" అని దిద్దడం మొదలుపెట్టింది.

కార్తీకంలో కూటం జరిగింది. మండీ మీదిగది నిండి మెట్ల మీద కూడా జనం. ఆడవాళ్ళు వెనక గోడ పక్కన కూర్చున్నారు, వాళ్ళలో మా అమ్మ, నంజమ్మ. నేను ఇక్కడ రాసేది వాళ్ళు చూసింది.

శాస్త్రిగారు నిదానంగా మాట్లాడారు. మేష్టరు ఎంతో చదివి దేవుణ్ణి కాదన్నాడు. జ్వరం ఆయన తలను కడిగేసింది. నిప్పులో వేస్తే కల్తీ కాలిపోయి బంగారం మిగులుతుంది. ఆయనలో మిగిలింది భజన. మనసు అడుగున ఉన్నదే మనిషి అసలు నమ్మకం. "నోరు అబద్ధమాడొచ్చు. జ్వరం అబద్ధమాడదు" అని ముగించి కూర్చున్నారు. జనం చప్పట్లు కొట్టారు.

ఆయన మాట్లాడుతున్నంతసేపూ నా పెదాలు కదులుతున్నాయట, వేళ్ళు తొడ మీద ఆడుతున్నాయట. లేచాను. భజన వరసలో అందుకున్నాను. కడిగిన తల, కాలిన కల్తీ, మిగిలిన బంగారం, అడుగున ఉన్న నమ్మకం, అబద్ధమాడని జ్వరం, ఒకదాని వెంట ఒకటి, ఆయన చెప్పిన క్రమంలోనే, ఆయన బిగువుతోనే. మొదట జనం గొల్లుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. శాస్త్రిగారు కళ్ళు మూసుకుని విన్నారు. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ మోకాలి మీద నా పాటకు తాళం వేసిందని నంజమ్మ ఇప్పటికీ మురిసిపోతూ చెబుతుంది.

నేను ఆపాక ఆయన కళ్ళు తెరిచి, "అవును," అన్నారు, "ఇదే నా మాట."

అప్పుడు జవాబు మొదలుపెట్టాను. "అడుగున ఉండేదే నమ్మకమైతే, అడుగున ఉండేదంతా బయటికి తియ్యాల. నచ్చిందొక్కటే తీసి చూపిస్తే అది ఋజువు కాదు. జ్వరంలో నేను భజన ఒక్కటే పాడినానా? నాకు తెలీదు. విన్నవాళ్ళు ఈడనే ఉండారు. చెప్పమనండి."

అందరూ మా అమ్మ వైపు తిరిగారు. ఆమె అందరికీ చెప్పుకున్నది భజన సంగతే. భజన గుంపువాళ్ళు దండ సిద్ధం చేసుకుని ఆ గదిలోనే కూర్చున్నారు. "అవును, భజన ఒక్కటే" అని ఆమె అంటే నేను అక్కడితో ఆగిపోయేవాణ్ణి. చాలాసేపు కొంగు నలుపుకుంటూ కూర్చుందట. నంజమ్మ నోరు తెరవబోయి ఆగింది. అది అత్త చెప్పాల్సిన మాట.

అమ్మ లేచి నిలబడింది. "పదమూడో ఎక్కం గూడా చెప్పినాడు," అంది. "తప్పు లేకుండా చెప్పినాడు."

"ఇంకా ఏమన్నా చెప్పినాడా తల్లీ?" అన్నారు శాస్త్రిగారు.

"సంతలో కూరగాయలు వేలం పాడే కేకలు ఏసినాడు. ఇంగా... ఎద్దులు మొండికేస్తే తిట్టే తిట్లుండాయి గదప్పా, అవి గూడా. నర్సమ్మ ముందర! అవి గూడా వాళ్ళ తాత నేర్పినవే. భజన నేర్పిన తాతే."

మండీ కప్పు ఎగిరిపోయేలా నవ్వారట. నవ్వు తగ్గాక నేను ఇలా అన్నానని అమ్మ, నంజమ్మ, మునిశామప్ప ముగ్గురూ ఒకేలా చెప్పారు.

"భజన నా భక్తికి సాక్ష్యమైతే పదమూడో ఎక్కం దేనికి సాక్ష్యం? ఎద్దుల తిట్లు ఏ దేవుడికి చెందుతాయి? నేర్పింది మా తాత. పట్టుకున్నది పసి చెవి. దాచింది మెదడు. పాత గింజ చెడకుండా పాతర్లో ఉండాది, అంతే. కొత్త గింజ ఇంకా దిగడంలేదు, అది నా జబ్బు. జబ్బును మహిమ అనొద్దండి. అంటే, రేపు ఇట్లాంటి జబ్బు మీ ఇంట్లో వస్తే మనిషిని ఆస్పత్రికి కాదు, గుడికి మోసుకుపోతారు."

భజన గుంపువాళ్ళు దండను మడిచి తీసుకుపోయారు. ఇంటికి వెళ్ళే దారిలో మా అమ్మ, "నువ్వు గెల్చినావు, సరే. బతికించింది మాత్రం నా మొక్కే" అందట. "సరేమ్మా" అన్నానట. ఆ సరేమ్మా నేను అన్నానా అని నాకు కొంచెం అనుమానం. ఆమె మీద ఉన్న గౌరవంతో దాన్ని సాక్ష్యంగా తీసుకుంటున్నాను. నిజం కోసం అంత జనంలో తన ఆశను తానే విప్పి పారేసిన మనిషి అబద్ధం చెప్పదు.

మరుసటి పొద్దున సంగతి మాత్రం ఎవరూ నాకు చెప్పినది కాదు. నేను చూశాను. నాకు గుర్తుంది.

గడపలో ఎండ పడుతోంది. శాస్త్రిగారు తడి అంగవస్త్రం భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. నంజమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబులో నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "నిన్న బాగా కొట్టినావప్పా" అన్నారు.

"నిన్న ఏం జరిగింది?" అని అడిగాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. పరాచికం కాదని అర్థమైంది. "నీకు గుర్తు లేదా?"

"లేదు స్వామీ."

"అంత మాట్లాడినావు గదప్పా! ఒక్కటీ లేదా?"

"ఒక్కటీ లేదు."

 ఆయన నా మీద జాలిపడి వెళ్ళిపోవచ్చు. గుర్తు లేని గెలుపు గెలుపు కాదని ఊళ్ళో చెప్పుకోవచ్చు. ఆయన అరుగు మీద కాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు. నా జవాబును మొదటి నుంచి చివరిదాకా, వరస తప్పకుండా, ఎగతాళి కలపకుండా నాకు అప్పగించారు. పదమూడో ఎక్కం, ఎద్దుల తిట్లు, పాత గింజ, గుడికి మోసుకుపోయే మనిషి, అన్నీ. తనను ఓడించిన మాటల్లో ఒక్కటి కూడా తగ్గించలేదు. పూర్తిచేసి, నియమం ప్రకారం, నా కోసం ఆగారు.

జ్వరం తర్వాత నా పాతర్లోకి దిగిన మొదటి గింజ ఆ పొద్దు. ఆ తర్వాత ఒక్కొక్కటే మిగతావీ దిగడం మొదలైంది. జనవరికి బడికి వెళ్ళాను. అయినా ఆ ఎండ, ఆ తడి అంగవస్త్రం, ఆ ముసలి గొంతు అన్నిటికంటే ముందు ఉన్నాయి.

ఆయన చెప్పిన మాటలు నేను అన్నట్టు నాకు ఏ గుర్తూ లేదు. కానీ వింటుంటే, పడిపోయిన నా చేతిని తెలిసినవాడెవరో పట్టుకుని లేపినట్టు అనిపించింది.

"అవును," అన్నాను. "ఇదే నా మాట."